మంచం నుంచి గేటు దాకా: కొలతల పుస్తకం వెనక పేజీలు

జూన్ 2, సోమవారం

జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకాన్ని ఇవాళ తిరగేసి వెనక వైపు నుంచి మొదలుపెట్టాను. ముందు వైపంతా ఛాతీ, నడుము, చేతి పొడవు. ఈ వైపు నా సంగతి.

దిగులు, ఆందోళన జబ్బుకు మాత్రలిస్తూ డాక్టరు గారు నడవమని చెప్పి నాలుగు నెలలైంది. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. వాటివల్ల రాత్రి నిద్ర పడుతోంది, ఊరికే వచ్చే ఏడుపు తగ్గింది. నడక మాత్రం ఒక్క రోజూ కుదరలేదు. అయిదింటికే మెలకువ వస్తుంది. లేవాలని తెలుసు. ఒళ్ళు తడిసిన బొంతలాగా పడి ఉంటుంది. మా ఆయన పాల వ్యాను తీసుకుని మూడున్నరకే పోతాడు, లేపేవాళ్ళు లేరు. ఏడింటికి అత్త కాఫీకి పిలిచేదాకా పైకప్పు చూస్తూనే ఉంటాను. రోహిణీ కార్తెలో ఏడు దాటితే నెల్లూరు ఎండలో నడిచే మాటే లేదు.

నిన్న రాత్రి ఒకటి తట్టింది. ఇన్నాళ్ళూ నేను చెరువు కట్ట గురించి ఆలోచిస్తున్నాను. కట్ట దాకా పోవాలి, అరగంట నడవాలి, చెమట పట్టాలి అని. నేను ఆగిపోతున్నది కట్ట మీదా? ఇంట్లోనే, మంచానికీ గేటుకీ మధ్యలో. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తుంటే చంక దగ్గరే విప్పుతాం, మొత్తం విప్పం.

అందుకని టేపు పట్టుకుని కొలిచాను. అరవై అంగుళాల టేపు ఏడుసార్లు పరిస్తే మంచం కోడు నుంచి గేటు గడియ దాకా వచ్చింది. ముప్పై అయిదు అడుగులు. నా ప్రాజెక్టు ఇంతే పొడవు.

జూన్ 4

రెండు రోజులు పడుకునే ఆ దారి గమనించాను. ఎక్కడ ఆగుతున్నానో రాసుకున్నాను.

మొదటిది బట్టలు. నైటీతో వీధిలోకి పోలేను. బీరువా తియ్యాలి, తీస్తే పాప లేస్తుంది, చున్నీ వెతకాలి. ఇంత ఆలోచించేసరికి కళ్ళు మూతలు పడతాయి. బాగున్నవాళ్ళకు ఇదొక పని కూడా కాదు. ఈ జబ్బులో ప్రతి చిన్న పనికీ విడిగా బలం కూడగట్టుకోవాలి. చున్నీకి ఒకసారి, తాళానికి ఒకసారి, చెప్పులకు ఒకసారి. మూడోసారికి అయిపోతుంది.

రెండోది తాళం. రాత్రి ఎవరు వేస్తే వాళ్ళు ఎక్కడో పెడతారు.

మూడోది గేటు. తీస్తే వీధి మొత్తానికి వినబడేంత కీచుమంటుంది. ఆ చప్పుడు తలుచుకుంటేనే నాకు కడుపులో తిప్పుతుంది. ఎందుకంటే ఆ చప్పుడుకు ఎదురింటి పెదమ్మ తల ఎత్తుతుంది, ఎత్తితే అడుగుతుంది: "ఏమ్మా, ఇంత పొద్దున్నే యాడికి పోతుండావు?" ఆమె మంచిదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలే అన్న బెరుకు నన్ను మంచం మీదే పట్టి ఉంచుతోంది. రాయడానికి కష్టంగా ఉంది గానీ ఇది నిజం.

జూన్ 5

మిషను నూనె డబ్బా తీసుకుని గేటు మడతబందులకు పట్టించాను. తుప్పు గట్టిగా ఉంది. మూడుసార్లు పోసి, పాత బనీను గుడ్డతో తుడిచి, గేటును ముందుకూ వెనక్కీ ఇరవైసార్లు ఊపితే చప్పుడు పోయింది. పూర్తిగా పోలేదు, చివర్లో చిన్నగా మూలుగుతుంది. ఫరవాలేదు.

సాయంత్రం ఆర్డరు పక్కన పెట్టి నాకోసం ఒక కాటన్ చుడీదారు కత్తిరించాను. మెత్తటిది, రాత్రి అదే వేసుకుని పడుకోవచ్చు, పొద్దున అదే వేసుకుని వీధిలోకి పోవచ్చు. కుడి పక్క కుట్టులో లోతైన జేబు పెట్టాను, తాళానికీ ఫోనుకూ. మెడ దగ్గర పైకి ఎత్తి కుట్టాను, చున్నీ అక్కర్లేకుండా. పదేళ్ళుగా ఊరి ఆడవాళ్ళందరికీ కుడుతున్నాను, నాకు అవసరమైంది నేను కుట్టుకోవడం ఇదే మొదలు.

జూన్ 9

ఇవాళ గేటు ముట్టుకున్నాను. అయిదూ ఇరవైకి. ముట్టుకుని వెనక్కి వచ్చి పడుకున్నాను.

టిక్కు వేశాను. ముందే ఒక నియమం రాసుకున్నాను: గేటు ముట్టుకుంటే టిక్కు. ఆ తర్వాత నడిస్తే నడిచినట్టు, వెనక్కి వస్తే వచ్చినట్టు. దానికి వేరే లెక్క లేదు. ఇలా ఎందుకంటే, అరగంట నడిస్తేనే టిక్కు అని పెట్టుకుంటే మరీ చెడ్డ రోజున మొదలే పెట్టను. ఎంత చెడ్డ రోజైనా ముప్పై అయిదు అడుగులు కాళ్ళీడ్చుకుంటూనైనా పోగలను.

కౌన్సెలింగులో మేడం గారు దీనికి దగ్గరి మాటే చెప్పారు. మనసు బాగుపడితే పని చేద్దామని కూర్చుంటే రెండూ జరగవు, చిన్న పని ముందు పెట్టుకుంటే మనసు దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది అని. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారట. 1970ల్లో పీటర్ లెవిన్సన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, దిగులు మనిషిని పనుల నుంచి దూరం చేస్తుంది, ఆ దూరమే దిగులును ఇంకా పెంచుతుంది అని చెప్పి ఈ దారి వేశాడని ఆమె వివరించారు. అప్పుడు తల ఊపాను గానీ అర్థం కాలేదు. గేటు చల్లగా చేతికి తగిలినప్పుడు కొంచెం అర్థమైంది.

జూన్ 14

ఆరు రోజుల్లో అయిదు టిక్కులు. అందులో మూడు రోజులు గేటు దాటి వీధి చివర వేపచెట్టు దాకా పోయాను.

పాప ఉత్సాహంగా ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టింది. పొద్దున్నే తెర మీద "లక్ష్యం 10,000, మీరు నడిచింది 412" అని కనబడింది. రోజంతా ఆ 412 నన్ను వదల్లేదు. సాయంత్రం పాపే ఎక్కడో చదివి చెప్పింది, ఈ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్క కాదంట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే మీటరు అమ్ముతూ దానికి పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టిందంట. ఆ పేరే లోకమంతా పాకింది. యాప్ తీసేయించాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వేరు: పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం. మొదటిసారి ఆ 150 చూసినప్పుడు పుస్తకం మూసేశాను. అదే కాగితంలో, అసలు చెయ్యకపోవడం కంటే ఏ కొంచెం చేసినా మేలే అని కూడా ఉంది. ఆ వాక్యం నాలాంటివాళ్ళకు ముందు చెప్పాలి. 150 తర్వాత చెప్పొచ్చు.

జూన్ 20

ఇవాళ చెడ్డగా అయింది. నిదానంగా రాస్తాను.

బాగా అనిపించి చెరువు కట్ట ఎక్కాను. గాలి తగులుతోంది, వేగంగా నడిచాను. అయిదు నిమిషాలకు గుండె దడదడలాడింది. అది నడకవల్లే అని ఒక క్షణం తెలుసు, మరుక్షణం తెలియలేదు. ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఇక్కడే పడిపోతాను అనిపించింది. ఆందోళన నన్ను పట్టినప్పుడల్లా ఇలాగే మొదలవుతుంది, గుండె దడతో. కట్ట మీద రాయి మీద కూర్చుండిపోయాను. పాలు పోసి తిరిగొస్తున్న ఒకాయన సైకిలు ఆపి, "నీళ్ళు తాగమ్మా" అని సీసా ఇచ్చాడు. ఏమైందని అడగలేదు. ఆయన పోయేదాకా నేనూ ఏమీ అనలేకపోయాను.



జూన్ 25

కట్ట మీద అలా అయ్యాక మూడు రోజులు గేటు దాకా కూడా పోలేదు. ఇవాళ డాక్టరు గారి దగ్గరికి పోయాం. జరిగింది చెప్తే ఆయన ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ రాశారు. దడ, నీరసం, ఆయాసం అన్నీ మనసు ఖాతాలోనే వెయ్యకూడదని, రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ అటూ ఇటూ ఉన్నా ఇవే వస్తాయని అన్నారు. ఈసీజీ బాగుంది, థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్ళకు 12 అన్నా ఉండాలంట. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ఇన్ని నెలలు నా నీరసంలో కొంత భాగం రక్తం తక్కువవడమని తెలిసి ఏడుపొచ్చింది. నేను సోమరిదాన్నని నన్ను నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

ఇది చదివేవాళ్ళు ఎవరన్నా ఉంటే, నడక మొదలుపెట్టేముందు ఈ పరీక్షలు చేయించుకోండి. ఆడవాళ్ళైతే తప్పకుండా.

జూన్ 28 నుంచి జులై 5

డాక్టరు గారు ఒక అభ్యాసం ఇచ్చారు. వ్యాయామంలో గుండె కొట్టుకోవడం, భయంలో కొట్టుకోవడం ఒంటికి దాదాపు ఒకటే. అందుకే మెదడు ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటుంది. ఇంట్లో, కూర్చునే చోటు పక్కనే ఉండగా, కావాలని కొంచెం దడ తెప్పించుకుని అది దానంతటదే దిగడం చూడమన్నారు. ఈసీజీ బాగుంది కాబట్టి చెయ్యమన్నారు, ఈ మాట గట్టిగా చెప్పారు.

మా మేడ మెట్లు పంతొమ్మిది. రెండుసార్లు ఎక్కి దిగి కుర్చీలో కూర్చోవాలి. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి.

మొదటి రోజు: ఎక్కకముందు 84. దిగిన వెంటనే 124. ఒక నిమిషానికి 108. మూడు నిమిషాలకు 92. భయం పదికి ఎనిమిది.

మూడో రోజు భయం ఏడు. అయిదో రోజు మళ్ళీ ఎనిమిది, ఆ రోజు అత్తతో మాట పట్టింపు వచ్చింది. ఎనిమిదో రోజు: 80, 120, 100, 84. భయం నాలుగు.

124 రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. 92 రాస్తున్నప్పుడు వణకలేదు. నేనేం చెయ్యకుండానే, మాత్ర వేసుకోకుండానే, ఎవర్నీ పిలవకుండానే దిగింది. ఆ నాలుగు అంకెలు నాకు ఎంతో మంది చెప్పిన ధైర్యం మాటలకంటే ఎక్కువ పనిచేశాయి, ఎందుకంటే అవి నా వేళ్ళ కింద నేను లెక్కపెట్టినవి.

జులై 8

రొట్టెల పండగ. దర్గామిట్టలో ఉండేవాళ్ళకు ఈ రోజుల్లో వీధి మనది కాదు. ఎక్కడెక్కడి నుంచో జనం, బస్సులు, చెరువు వైపు పోయే దారంతా పోలీసులు, కొబ్బరికాయల అంగళ్ళు. పొద్దుటి నడక లేదు. గేటు టిక్కు మాత్రం వేశాను.

సాయంత్రం అత్త, "పోదాం పద అమ్మాయ్, ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చుకుందువు" అంది. జనంలోకి పోవడం నాకు ఇప్పుడు మెట్లకంటే కష్టం. మణికట్టు పట్టుకుని నడిచాను. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాం, తల మీద కొంగు కప్పుకుని. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు, తీరితే మళ్ళీ ఏడు వచ్చి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని అరుచుకుంటూ వెతుక్కుంటున్నారు. హిందువులు, ముస్లింలు అని తేడా లేదు. ఆరోగ్య రొట్టె కావాలంటే ఒక ముస్లిం అవ్వ నా చేతిలో సగం విరిచి పెట్టి, "నాకు మోకాళ్ళు బాగైనాయి బిడ్డా, నీకేం కావాల?" అంది. మనసు అన్నాను. బయటి మనిషికి ఈ మాట చెప్పడం అదే మొదలు. ఆమె ఇంకేం అడక్కుండా నా తల నిమిరింది.

ఎనిమిది నిమిషాలు నీళ్ళలో ఉన్నాను. ఒడ్డుకు వచ్చాక నాడి చూసుకుంటే 116. మూడు నిమిషాలకు 96.

జులై 19

వారంలో ఆరు టిక్కులు. కట్ట మీద పన్నెండు నిమిషాలు. వేగం ఎంత ఉండాలో తెలుసుకోడానికి ఒక తేలిక కొలత ఉంది: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మెల్లగా సుమతీ శతకం పద్యాలు చదువుకుంటూ నడుస్తున్నాను. పద్యం మధ్యలో తెగితే నిదానిస్తాను.

పెదమ్మ ప్రశ్నకు జవాబు కూడా ముందే కుట్టి పెట్టుకున్నాను. "నడకకి పెదమ్మా." అంతే, అడుగు ఆపకుండా.

ఆగస్టు 10

ఇరవై రెండు రోజులుగా ఈ పుస్తకం తెరవలేదు.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఎనిమిదో తారీకు. లైనింగ్ జాకెట్లు నలభై ఒకటి, ఫాల్స్ లెక్కే లేదు. రాత్రి ఒంటిగంట దాకా మిషను మీదే. అయిదింటికి లేవలేదు, రెండు రోజులు, అయిదు రోజులు. తర్వాత కాళ్ళు మళ్ళీ తడి బొంత అయ్యాయి. వ్రతం రోజు ఇంట్లో పేరంటం ఉంటే గదిలో పడుకుని ఉన్నాను. ఆ రాత్రి బతుకు మీద విసుగు చాలా లోతుగా వచ్చింది. ఇలాంటి మాటను అందంగా రాయకూడదు, అందుకే ఇంతే రాస్తాను.

మా ఆయన్ని లేపాను. ఆయన 14416కి చేశాడు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ అమ్మాయి నాతో ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడింది. మాత్రల డబ్బా మా ఆయన చేతికి ఇమ్మంది, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పొమ్మంది. పోయాం. మోతాదు కొంచెం మార్చారు. మారిన మోతాదు పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా ఫలితం లేదని మానేయొద్దన్నారు.

టిక్కులు లేని ఇరవై రెండు గళ్ళను అలాగే ఖాళీగా ఉంచాను. కొట్టెయ్యలేదు.

ఆగస్టు 17

పొద్దున కుదరని రోజులకు ఇంకో దారి కావాలి. అది ఇంట్లోనే ఉంది.

నా మిషను మొదట కాలి మిషనే. ఆరేళ్ళ కిందట మోటారు పెట్టించాను. అప్పటినుంచి రోజుకు పది గంటలు కూర్చున్నా కాలి బొటనవేలు తప్ప ఏమీ కదలడం లేదు. ఇవాళ మోటారు బెల్టు తప్పించాను. కింద పెద్ద చక్రానికి దుమ్ము, దారాలు చుట్టుకుని ఉన్నాయి, బ్లేడుతో కోసి లాగాను. తొక్కే పలక రెండు చివర్లా, కడ్డీ కీలు దగ్గరా నూనె పోశాను. పాత తోలు బెల్టు ఎండి పగిలింది. ఆరడుగుల కొత్త బెల్టు తెచ్చి, పొడవు సరిచేసి, చివర్లు కలిపి ఇనుప కొక్కెం నొక్కాను. మొదట బిగువు ఎక్కువై చక్రం తిరగలేదు, తీసి అరంగుళం వదిలి మళ్ళీ వేశాను.

బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చిన్న చక్రం మధ్య మర వదులు చేస్తాం కదా, అప్పుడు సూది కదలదు, చక్రం ఒక్కటే తిరుగుతుంది. అదే చేసి గుడ్డ లేకుండా, దారం లేకుండా ఊరికే తొక్కాను. పది నిమిషాలకు పిక్కలు వేడెక్కాయి. చక్రం చప్పుడు చిన్నప్పుడు మా అమ్మ మిషను చప్పుడులాగే ఉంది. అమ్మకు పోయేముందు రెండేళ్ళు ఇదే జబ్బు ఉండేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఎవరికీ పేరు తెలియదు. ఆమె మిషను ముందు కూర్చుని గుడ్డ పెట్టకుండా తొక్కుతూ ఉండేది, మేము ఏందమ్మా అది అని అడిగేవాళ్ళం.

ఇప్పటినుంచి నియమం: గేటు టిక్కు లేదా పది నిమిషాల చక్రం. రెండిట్లో ఏదైనా గడి నిండినట్టే.

సెప్టెంబరు 21

ఈ నెల ఇరవై ఒక్క రోజుల్లో గేటు పదహారు, చక్రం మూడు, ఖాళీ రెండు. కట్ట మీద ఇరవై నిమిషాలు నడుస్తున్నాను. ఒకటి గమనించాను: నడిచేటప్పుడు ఆనందం ఏమీ రాదు. చాలామంది వస్తుందని చెప్తారు, నేను దానికోసం ఎదురుచూసి చాలా నిరాశపడ్డాను. నాకు వచ్చేది వేరు. నడిచిన రోజు పదకొండింటికి, కత్తెర పట్టుకున్నప్పుడు, ఇది ఎందుకు కత్తిరిస్తున్నాను అన్న ప్రశ్న రాదు. గుడ్డ కత్తిరిస్తాను, అంతే.

అక్టోబరు 6

డాక్టరు గారి దగ్గర తొమ్మిది ప్రశ్నల కాగితం మళ్ళీ నింపాను. దిగులు ఎంత ఉందో 27కి లెక్క, తగ్గితే మేలు. మేలో 17 ఉంది. ఇప్పుడు 11. హిమోగ్లోబిన్ 11.3.

ఇక మాత్రలు ఆపొచ్చా అని అడిగాను. వద్దన్నారు. నడక మాత్రకు తోడే గానీ బదులు కాదు, బాగైనాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు ఆయనే నెమ్మదిగా తగ్గిస్తారు. సరే అన్నాను. బయటికి వచ్చాక కొంచెం దిగులేసింది, దాచడం ఎందుకు.

అక్టోబరు 22

దీపావళి అయిన మూడో రోజు. రాత్రి నుంచి వాన. మనకు అసలు వానలు ఇప్పుడే కదా, ఇంకో రెండు నెలలు కట్ట బురద. అయిదుంపావుకు లేచాను. చుడీదారు ఒంటి మీదే ఉంది, తాళం జేబులోనే ఉంది. చూరు నుంచి ధారగా పడుతోంది. తడుస్తూ పోయి గేటు ముట్టుకున్నాను, గడియ జారుతోంది. ఎదురింటి పెదమ్మ వసారాలో నిలబడి, "వానలో కూడానా తల్లీ?" అంది. "నడకకి పెదమ్మా" అనేశాను అలవాటుగా, వెంటనే వెనక్కి తిరిగి లోపలికి వచ్చాను.

తల తుడుచుకుని చక్రం పద్నాలుగు నిమిషాలు తొక్కాను. అత్త కాఫీ మిషను బల్ల మీదే పెట్టింది.

గడిలో రెండు టిక్కులు వేశాను. మడతబందులకు మళ్ళీ నూనె పెట్టాలి, వానకు కీచు మొదలైంది. గొడుగు కడ్డీ ఒకటి ఊడింది, రేపటికి కుట్టాలి.